జననేంద్రియ హెర్పిస్

హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ వల్ల మర్మావయవాల మీద, పిరుదులు, తొడలు, మలద్వారం చుట్టుపక్కల నీటి పొక్కులు లేచి, చితికి, పుండ్లుగా మారే సుఖవ్యాధి జననేంద్రియ హెర్పిస్. ఒకసారి సోకిన వైరస్ జీవితాంతం ఒంట్లోనే ఉండిపోతుంది. దాన్ని పూర్తిగా తుడిచిపెట్టే మందు ఇంకా రాలేదు. ఈ మాట వినగానే చాలామంది కుంగిపోతారు కాబట్టి దాంతోపాటు చెప్పాల్సినవి మరికొన్ని ఉన్నాయి. వైరస్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అది ఉన్న సంగతే తెలియదు. పొక్కులు వచ్చేవాళ్లలోనూ ఏళ్లు గడిచేకొద్దీ వాటి రాక తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి ప్రాణానికి దీనివల్ల ముప్పు దాదాపు లేనట్టే. ఈ వ్యాధి ఒంటికి చేసే చెరుపు కన్నా, దాని గురించిన అపోహలు కాపురాలకూ మనసులకూ చేసే చెరుపే పెద్దది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో వెల్లడించిన అంచనాల ప్రకారం, 2020 నాటికి 15–49 ఏళ్ల వయసువారిలో సుమారు 84.6 కోట్ల మందికి మర్మావయవాల వద్ద ఈ వైరస్ ఉంది. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైమాటే. ఏటా దాదాపు 4.2 కోట్ల మందికి కొత్తగా సోకుతోంది. కానీ 2020లో ఒక్కసారైనా పొక్కులో పుండ్లో వచ్చినవారు 20.5 కోట్ల మందే. మిగిలిన కోట్లమందిలో ఆ ఏడాదంతా వైరస్ చడీచప్పుడూ లేకుండా ఉంది.

వైరస్ ఎక్కడ దాక్కుంటుంది

హెర్పిస్ సింప్లెక్స్‌లో రెండు రకాలున్నాయి. మొదటి రకం ప్రధానంగా నోటి చుట్టూ వస్తుంది. జ్వరం తగ్గాక పెదవి పక్కన పేలే పొక్కులు దీనివే. మన దేశంలాంటి చోట్ల ఇది చాలామందికి చిన్నతనంలోనే, పెద్దల ముద్దుల ద్వారానో ఎంగిలి ద్వారానో సోకుతుంది. రెండో రకం దాదాపు పూర్తిగా లైంగిక సంపర్కం ద్వారానే వస్తుంది. అయితే ఈ హద్దు గట్టిదేమీ కాదు. నోటితో జరిపే రతి వల్ల మొదటి రకం కూడా మర్మావయవాలకు చేరుతుంది. పైన చెప్పిన 84.6 కోట్లలో రెండో రకం ఉన్నవారు దాదాపు 52 కోట్లు, మొదటి రకం ఉన్నవారు సుమారు 37.6 కోట్లు. కొందరిలో రెండూ ఉంటాయి. సంపన్న దేశాల్లో చిన్నతనంలో మొదటి రకం సోకడం తగ్గిపోయింది. దాంతో అక్కడి యువతకు అది తొలిసారి మర్మావయవాల దగ్గరే తగలడం పెరిగింది.

మన ఊళ్లలో సర్పి అని పిలిచే జబ్బు వేరు. నడుముకో ఛాతీకో ఒక పక్కన పట్టీ కట్టినట్టు పొక్కులు లేచే ఆ జబ్బు ఆటలమ్మ వైరస్ వల్ల వస్తుంది. డాక్టర్లు దాన్ని హెర్పిస్ జోస్టర్ అంటారు. పేరులో హెర్పిస్ ఉన్నంత మాత్రాన అది సుఖవ్యాధి కాదు.

చర్మం మీది కంటికి కనిపించనంత గీతలోంచో, లోపలి పలుచని పొరల్లోంచో వైరస్ ప్రవేశిస్తుంది. అక్కడ పెరిగాక చర్మానికి వచ్చే నరాల కొసలను పట్టుకుని, ఆ నరాల వెంట పైకి పాకి, నడుము కింది భాగంలో వెన్నుపాము పక్కనుండే నాడీ ముడులకు చేరుతుంది. పెదవి మీద సోకినప్పుడైతే కపాలంలోని మరో నాడీ ముడిలో మకాం వేస్తుంది. నాడీ కణంలో చేరాక వైరస్ తన జన్యువులను దాదాపు అన్నింటినీ నిద్రపుచ్చుతుంది. ఆ స్థితిలో శరీర రక్షణ వ్యవస్థ దాన్ని గుర్తించలేదు. పెరిగే వైరస్‌ను మాత్రమే అడ్డుకోగల మందులూ దాన్ని తాకలేవు. ఎప్పుడో ఒకప్పుడు అది మేల్కొని, అదే నరం వెంట తిరిగి చర్మానికి దిగుతుంది. జ్వరం, నెలసరి, నిద్రలేమి, మానసిక ఒత్తిడి, ఆ చోట గట్టి రాపిడి దాన్ని రేపవచ్చు. ఏ కారణమూ లేకుండా తిరిగిరావడం కూడా మామూలే. కాబట్టి మళ్లీ పొక్కులు లేచిన ప్రతిసారీ తానేం తప్పు చేశానా అని రోగి వెతుక్కోనక్కరలేదు.

తొలిసారి, ఆ తర్వాత

వైరస్ సోకిన 2 నుంచి 12 రోజుల్లో తొలి లక్షణాలు కనిపించవచ్చు. కొందరిలో ఇది చాలా బాధపెడుతుంది. జ్వరం, ఒళ్లునొప్పులు, తలనొప్పి వస్తాయి, గజ్జల్లో బిళ్లలు కడతాయి. ఆపై గుంపులుగా చిన్న నీటి పొక్కులు లేచి, పగిలి, ముట్టుకుంటే ఓర్చుకోలేని పుండ్లవుతాయి. మూత్రానికి వెళితే మంట. ఆ మంటకు భయపడో, నరాలకు తాకిడి తగిలో కొందరు స్త్రీలకు మూత్రం బిగుసుకుపోయి గొట్టం వేయాల్సిన పరిస్థితి కూడా వస్తుంది. చికిత్స లేకపోతే ఈ తొలి దాడి రెండు మూడు వారాలు సాగి, సాధారణంగా మచ్చ మిగల్చకుండా మానిపోతుంది.

తర్వాత వచ్చేవి తేలికగా ఉంటాయి. పొక్కులు లేవడానికి కొన్ని గంటల ముందో, ఒక రోజు ముందో ఆ చోట చిమచిమలాడటం, దురద, పిరుదుల నుంచి తొడల్లోకి లాగుతున్నట్టు నొప్పి వస్తాయి. కొన్నాళ్లు అనుభవమైనవాళ్లు దీన్ని తేలిగ్గానే పసిగడతారు. పుండ్లు కొన్నే వస్తాయి, ఎక్కువగా ఒకే పక్కన, వారం పది రోజుల్లో మానిపోతాయి. తొలి దాడి రెండో రకం వల్ల వచ్చినవారికి మొదటి ఏడాదిలో సగటున నాలుగు సార్లు తిరిగి రావచ్చు. మొదటి రకమైతే ఒకసారి, లేదా అసలు రాకపోవచ్చు. ఏ రకమో తెలుసుకోవడం వల్ల రోగికి దక్కే మేలు ఇక్కడే ఉంది. ముందుముందు ఎలా ఉంటుందో డాక్టరు ధైర్యంగా చెప్పగలుగుతారు.

పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసినట్టు అందరికీ పొక్కులు రావు. చిన్న చీలిక, కాస్త ఎరుపు, రెండు రోజుల దురద మాత్రమే ఉంటే దాన్ని వెంట్రుక తెగిన గాయమనో, ఫంగస్ అనో, మొలలనో అనుకుని వదిలేస్తారు. అరుదుగా ఈ వైరస్ మెదడు పొరలకు వాపు తెచ్చి తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం కలిగిస్తుంది. రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవారిలో పుండ్లు పెద్దవై, నెలల తరబడి మానకుండా ఉంటాయి.

ఎలా సోకుతుంది

చర్మానికి చర్మం ఒరుసుకోవడం వల్ల సోకుతుంది. పుండ్లున్నప్పుడు ముప్పు ఎక్కువ. కానీ కొత్తగా సోకేవాటిలో చాలా భాగం అవతలివారి ఒంటి మీద ఏమీ కనిపించని రోజుల్లోనే జరుగుతాయి. 2011లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, రెండో రకం వైరస్ ఉన్నవారు రోజూ తమ మర్మావయవాల నుంచి నమూనాలు తీసి ఇచ్చారు. లక్షణాలు వచ్చిన చరిత్ర ఉన్నవారిలో 20 శాతం రోజుల్లో, ఎన్నడూ లక్షణాలు ఎరగనివారిలో 10 శాతం రోజుల్లో వైరస్ చర్మం మీద దొరికింది. ఏ పొక్కూ ఎరగని భర్త నుంచి భార్యకు, భార్య నుంచి భర్తకు ఇది ఎలా చేరుతుందో ఈ లెక్క చెబుతుంది. వాళ్లు దాచారనడానికి వీల్లేదు, వాళ్లకే తెలియదు.

పురుషుడి నుంచి స్త్రీకి సోకడం ఎక్కువ తేలిక. రెండో రకం పురుషుల కన్నా స్త్రీలలో ఎక్కువగా కనిపించడానికి అదొక కారణం. కండోమ్ ముప్పును బాగా తగ్గిస్తుంది. అది కప్పని చర్మం మీద కూడా వైరస్ ఉండవచ్చు కనుక పూర్తిగా ఆపలేదు. ఉగాండాలోని రకాయ్‌లో జరిపిన ప్రయోగంలో సున్తీ చేయించుకున్న పురుషులకు రెండో రకం సోకడం 28 శాతం తగ్గింది. బాత్‌రూమ్ సీటు, ఈతకొలను, ఒకే సబ్బు, ఉతికిన బట్టలు వీటివల్ల ఇది రాదు. శరీరం బయట ఈ వైరస్ ఎక్కువసేపు నిలవదు.

పరీక్షలు, వాటి నుంచి తీసే తప్పుడు అర్థాలు

పుండు కొత్తగా ఉన్నప్పుడు దాని నుంచి దూదిపుల్లతో స్రావం తీసి పి.సి.ఆర్. పరీక్ష చేయడం అన్నింటికన్నా నమ్మదగినది. వైరస్ ఉందో లేదో, ఏ రకమో రెండూ తెలుస్తాయి. పుండు ఎండిపోయాక వెళితే దొరకకపోవచ్చు. అందుకే పొక్కులు లేచిన ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరుకు చూపించడం మేలు. పుండు అడుగున గీరి సూక్ష్మదర్శినిలో చూసే జాంక్ పరీక్ష చవకైనది, త్వరగా అయ్యేది. కానీ అది రెండు రకాలను వేరు చేయలేదు, ఆటలమ్మ వైరస్ నుంచి కూడా వేరు చేయలేదు.

రక్తపరీక్షల దగ్గరే అసలు చిక్కంతా. ఐ.జి.జి. యాంటీబాడీల పరీక్ష ఒంట్లో వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ప్రవేశించిందని మాత్రమే చెబుతుంది. రకాలను వేరు చేయని పరీక్ష అయితే, చిన్నప్పుడు పెదవి పేలిన ప్రతివారికీ పాజిటివ్ రావచ్చు. రకాలను వేరు చేసే పరీక్షలోనూ అంకె హద్దుకు కాస్త పైన ఉన్నప్పుడు తప్పుడు పాజిటివ్‌లు తరచుగా వస్తాయి. ఐ.జి.ఎం. పరీక్ష కొత్త ఇన్ఫెక్షన్‌ను పట్టిస్తుందని చాలామంది నమ్ముతారు. హెర్పిస్ విషయంలో ఆ నమ్మకం నిలవదు. పాత వైరస్ మళ్లీ మేల్కొన్నప్పుడూ ఐ.జి.ఎం. పాజిటివ్ రావచ్చు. ఈ కారణాల వల్లే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2016లోనూ, మళ్లీ 2023లోనూ, లక్షణాలు లేనివారికి రక్తపరీక్షతో హెర్పిస్‌ను వెతకవద్దని సిఫారసు చేసింది.

మన దగ్గర ఈ సమస్య టార్చ్ ప్యానెల్ రూపంలో ఇంట్లోకి వస్తుంది. ఒకటి రెండు అబార్షన్లు అయిన స్త్రీకి టాక్సోప్లాస్మా పరీక్షనూ, రుబెల్లా, సైటోమెగలో, హెర్పిస్ వైరస్‌ల పరీక్షలనూ కలిపి రాయడం ఇప్పటికీ జరుగుతోంది. రిపోర్టులో హెర్పిస్ ఐ.జి.జి. పక్కన పాజిటివ్ అని ఉంటుంది. ఇంట్లో ఎవరో ఫోన్‌లో వెతికి, అది సుఖవ్యాధి అని తేలుస్తారు. పదేపదే గర్భం పోవడానికి హెర్పిస్ కారణమని నిరూపించే ఆధారం లేదు. ఆ పాజిటివ్ చాలాసార్లు చిన్నప్పటి నోటి హెర్పిస్ తాలూకుదే. బిడ్డను పోగొట్టుకున్న దుఃఖంలో ఉన్న మనిషి మీద, అర్థం లేని ఒక కాగితం ఆధారంగా అనుమానం మోపడం క్రూరం. ఇలాంటి పరీక్ష రాసే డాక్టరు, దాని ఫలితం ఏమి చెప్పదో ముందే వివరించాలి.

పుండులో వైరస్ దొరికి, రక్తంలో ఇంకా యాంటీబాడీలు పుట్టని తొలి వారాల్లో మాత్రమే ఇది కొత్త ఇన్ఫెక్షన్ అని చెప్పవచ్చు. ఆ అరుదైన సందర్భం దాటితే, ఎప్పుడు సోకిందో చెప్పే పరీక్ష లేదు. ఎవరి నుంచి సోకిందో ఏ సందర్భంలోనూ పరీక్ష చెప్పదు. పదిహేనేళ్ల కిందట సోకిన వైరస్ పెళ్లయిన పదో ఏట తొలిసారి పొక్కులుగా బయటపడవచ్చు.

గర్భిణి, పసికందు

హెర్పిస్ నిజంగా ప్రమాదకరమయ్యేది ఇక్కడే. ప్రపంచంలో సుమారు పదివేల కాన్పుల్లో ఒకదానిలో పసికందుకు ఇది సోకుతుందని అంచనా. అరుదైనా తీవ్రమైనది. చర్మం, కళ్లు, నోటికే పరిమితమై, వెంటనే చికిత్స అందితే బిడ్డ సాధారణంగా కోలుకుంటుంది. మెదడుకో, కాలేయం, ఊపిరితిత్తుల వంటి అవయవాలకో పాకితే ప్రాణాపాయం, బతికితే మెదడుకు శాశ్వత నష్టం జరిగే ప్రమాదం ఉంటాయి.

తల్లికి ముందునుంచే హెర్పిస్ ఉంటే భయం తక్కువ. ఆమె ఒంట్లోని యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరి రక్షణ ఇస్తాయి. అందుచేత బిడ్డకు సోకే అవకాశం నూటికి రెండు మూడు కన్నా తక్కువ. గర్భం చివరి నెలల్లో తల్లికి తొలిసారి సోకితే మాత్రం, ఆ యాంటీబాడీలు తయారయ్యే వ్యవధి ఉండదు కాబట్టి, ఆ అవకాశం నూటికి 30 నుంచి 50 వరకు పెరుగుతుంది. అందువల్ల భర్తకు హెర్పిస్ ఉండి, భార్యకు లేదని తేలితే, చివరి మూడు నెలలు కలయికకు దూరంగా ఉండమంటారు. భర్తకు నోటి పొక్కుల తత్వం ఉంటే నోటితో జరిపే రతి కూడా మానాలి. హెర్పిస్ ఉన్న గర్భిణికి 36వ వారం నుంచి ఎసైక్లోవిర్ ఇస్తారు. నొప్పులు వచ్చే సమయానికి పుండ్లు గానీ ముందస్తు చిమచిమ గానీ ఉంటే సిజేరియన్ చేస్తారు. లేకపోతే మామూలు కాన్పుకు అడ్డేమీ లేదు. రొమ్ము మీద పుండు లేనంతవరకు పాలివ్వవచ్చు.

బిడ్డ పుట్టాక పెదవి పేలిన బంధువులు ముద్దు పెట్టడం వల్ల కూడా ఇది సోకుతుంది. బారసాల ఇంట్లో ఎవరినీ నొప్పించలేక ఊరుకునే తల్లులు ఈ ఒక్క విషయంలో మొహమాటపడకూడదు. నెలలోపు బిడ్డకు పొక్కులు, మత్తు, పాలు తాగకపోవడం, ఫిట్స్ కనిపిస్తే ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నరం ద్వారా ఎసైక్లోవిర్‌ను ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

మందు కథ

పారిస్ వైద్యుడు ఝా అస్త్రుక్ 18వ శతాబ్దంలోనే మర్మావయవాల మీది ఈ పొక్కులను వర్ణించాడు. అవి మనిషి నుంచి మనిషికి అంటుకుంటాయని 19వ శతాబ్దంలో మరో ఫ్రెంచి వైద్యుడు ఎమిల్ విడాల్ చూపించాడు. వైరస్‌లో రెండు రకాలున్నాయని 1960లలో తేలింది. అంతవరకూ చేతికందిన మందు మాత్రం లేదు.

1970లలో అమెరికాలోని బరోస్ వెల్‌కమ్ కంపెనీ ప్రయోగశాలలో ఎసైక్లోవిర్ పుట్టింది. దాని రసాయనాన్ని తయారుచేసినవారిలో ముఖ్యుడు హోవర్డ్ షేఫర్. అది ఎలా పనిచేస్తుందో విప్పిచెప్పిన బృందానికి నాయకురాలు గెర్ట్రూడ్ ఎలియన్. డాక్టరేట్ కూడా లేని ఈ శాస్త్రవేత్త, కొత్త మందులు కనిపెట్టే పద్ధతులకు గాను 1988లో నోబెల్ బహుమతి పంచుకుంది. ఎసైక్లోవిర్ మామూలు కణంలో నిర్జీవంగా పడి ఉంటుంది. వైరస్ సోకిన కణంలో వైరస్ తన అవసరానికి తయారుచేసుకున్న థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమే దాన్ని చేతనం చేస్తుంది. అలా మారిన మందు, కొత్తగా అల్లుకుంటున్న వైరస్ డి.ఎన్.ఎ. గొలుసులో చొరబడి దాన్ని అక్కడితో ఆపేస్తుంది. సోకిన కణాల్లోనే పనిచేస్తుంది కాబట్టి దుష్ఫలితాలు చాలా తక్కువ. వైరస్‌లకు మందే ఉండదనుకుంటున్న రోజుల్లో ఇది వైద్యం దారినే మార్చింది.

తొలి దాడికి సాధారణంగా 400 మిల్లీగ్రాముల బిళ్ల రోజుకు మూడు సార్లు, 7 నుంచి 10 రోజులు ఇస్తారు. తిరిగివచ్చే వాటికి, చిమచిమ మొదలవగానే వేసుకుంటే, రెండు నుంచి ఐదు రోజుల మందు చాలు. ఏటా చాలాసార్లు వచ్చేవారికి రోజూ తక్కువ మోతాదులో నెలల తరబడి ఇవ్వవచ్చు. వలసైక్లోవిర్, ఫామ్‌సైక్లోవిర్ ఇదే కోవకు చెందినవి. పైపూత మందుల వల్ల ప్రయోజనం స్వల్పం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మోతాదు తగ్గించాలి కనుక సొంతంగా కొని వేసుకోకూడదు.

ఒకరికి హెర్పిస్ ఉండి మరొకరికి లేని 1,484 జంటలపై జరిపిన ప్రయోగం ఫలితాలు 2004లో వచ్చాయి. వైరస్ ఉన్నవారు రోజుకు 500 మిల్లీగ్రాముల వలసైక్లోవిర్ వేసుకుంటే, అవతలివారికి సోకడం 48 శాతం తగ్గింది. దీనికి కండోమ్‌ను, పొక్కులున్న రోజుల్లో దూరంగా ఉండటాన్ని జోడిస్తే, ఏళ్లు కలిసి బతికినా అవతలివారికి సోకని దంపతులు ఎందరో ఉంటారు.



టీకా కోసం చేసిన ప్రయత్నాలు ఇంతవరకు నిరాశనే మిగిల్చాయి. అమెరికా, కెనడాలలో 8,323 మంది స్త్రీలపై జరిగిన పెద్ద ప్రయోగంలో టీకా రెండో రకాన్ని ఆపలేకపోయిందని 2012లో తేలింది. ఆ టీకాను తయారుచేసిన కంపెనీదే మరో టీకా 2024లో అనుకున్న ఫలితం ఇవ్వలేదు. ఎం.ఆర్.ఎన్.ఎ. టీకాలు, నాడీ ముడుల్లో నిద్రించే వైరస్ జన్యువులను కత్తిరించే పద్ధతులు ఇప్పుడు పరిశోధనలో ఉన్నాయి. జన్యువులను కత్తిరించే పద్ధతి ఎలుకల్లో మంచి ఫలితాలే ఇచ్చింది. ఈ పరిశోధనల మీద ఇంత పట్టుదల ఉండటానికి హెచ్.ఐ.వి. ఒక కారణం. రెండో రకం హెర్పిస్ ఉన్నవారికి హెచ్.ఐ.వి. సోకే అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువ. పుండు మానాక కూడా అక్కడ చేరిన రక్షణ కణాలు చాలాకాలం నిలుస్తాయి, హెచ్.ఐ.వి. వెతుక్కునేది సరిగ్గా ఆ కణాలనే. బహుశా అందుకే ఎసైక్లోవిర్‌తో హెచ్.ఐ.వి.ని ఆపుదామని ఆఫ్రికాలోనూ ఇతర దేశాల్లోనూ చేసిన ప్రయోగాలు ఫలించలేదు.

మనసూ కాపురమూ

1982 ఆగస్టులో టైమ్ పత్రిక ముఖచిత్ర కథనం హెర్పిస్‌ను నేటి అవమాన చిహ్నంగా వర్ణించింది. అప్పటివరకు చికాకుపెట్టే చర్మవ్యాధిగా ఉన్నది అమెరికాలో శీలానికి కొలమానమైంది. మన సమాజంలో ఆ కొలమానం ముందునుంచీ ఉంది. పెళ్లికి ముందో తర్వాతో హెర్పిస్ ఉందని తెలిసినవారిని మొదట పట్టుకునేది నొప్పి కాదు, సిగ్గు. దాంపత్యానికి దూరమవడం, పెళ్లే వద్దనుకోవడం, ప్రతి చిన్న దురదకూ ఉలిక్కిపడటం, కుంగుబాటు కనిపిస్తాయి. స్త్రీ అయితే పుట్టింటికి పంపించేస్తారేమోనన్న భయం కూడా తోడవుతుంది. హిందూ వివాహ చట్టం, 1955లోని 13వ సెక్షన్ అంటుకునే దశలో ఉన్న సుఖవ్యాధిని విడాకులకు కారణంగా ఇప్పటికీ గుర్తిస్తోంది. కుష్ఠును 2019 సవరణతో తొలగించారు, ఇది మిగిలింది. ఏళ్లుగా నిద్రిస్తున్న ఒక వైరస్‌ను ద్రోహానికి సాక్ష్యంగా చూపడానికి ఈ నిబంధన వాడితే, అందులో వైద్యపరమైన న్యాయం ఏమీ ఉండదు.

హెర్పిస్ ఉన్నవారు భాగస్వామికి చెప్పడం మంచిది, కలయికకు ముందే చెప్పడం ఇంకా మంచిది. ఈ మాట చెప్పడానికి పొక్కులు లేని రోజు, తీరిక ఉన్న వేళ చూసుకోవాలి. రిపోర్టు బల్ల మీద పడేయడం కన్నా, వైరస్ చాలామందిలో ఉంటుందని, మందు ఉందని, పిల్లల్ని కనవచ్చని ముందు చెప్పి, ఆ తర్వాత తన సంగతి చెప్పడం మేలు. ఇద్దరూ కలిసి ఒకే డాక్టరు దగ్గర కూర్చుంటే సగం అనుమానాలు అక్కడే తీరతాయి.

ఒకప్పుడు మన తూర్పుతీరంలో, ఆంధ్ర కోస్తా సహా, డోనోవనోసిస్ వంటి మర్మావయవాల పుండ్లు ఎక్కువగా కనిపించేవి. యాంటీబయాటిక్స్ వచ్చాక అవి అరుదైపోయాయి. ఇప్పుడు చర్మ, సుఖవ్యాధుల విభాగాలకు పుండ్లతో వచ్చేవారిలో హెర్పిసే ప్రధానంగా కనిపిస్తోంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో నడిచే సురక్ష క్లినిక్‌లలో దీనికి ఎర్రరంగు కిట్ ఇస్తారు. అందులో ఏడు రోజులకు సరిపడా ఎసైక్లోవిర్ బిళ్లలుంటాయి. సిఫిలిస్, హెచ్.ఐ.వి. పరీక్షలూ అక్కడే చేయిస్తారు, ఎందుకంటే చూడటానికి హెర్పిస్‌లా ఉన్న పుండు సిఫిలిస్ కావచ్చు, రెండూ కలిసీ ఉండవచ్చు. మందుకు డబ్బు తీసుకోరు, వివరాలు బయటపెట్టరు. భార్యను గానీ భర్తను గానీ వెంట తీసుకురమ్మని కౌన్సిలర్ అడుగుతారు.